అత్తయ్య పథ్యం

రేవు కార్మికుల వసతి,
పై అంతస్తు, కిటికీ పక్క మంచం.

శ్రీమతి ఊఁ గారికి,

పేరు చూసి మూతి ముడుచుకోకు. పెళ్ళయి ఏడాది దాటింది, వారం వారం ఫోను చేస్తూనే ఉన్నాను. బాగున్నావా అంటే ఊఁ. తిన్నావా అంటే ఊఁ. నేను గుర్తొస్తున్నానా అంటే ఆ ఊఁ కూడా లేదు, అమ్మ దగ్గు మాత్రం వినిపిస్తుంది. అమ్మ పక్కన కూర్చుంటే నీకు నోరు పెగలదని తెలుసు. అందుకే ఈ ఉపాయం. ఉత్తరం రాసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. అయిదో తరగతితో ఆపేశాను, నాకేం రాయడం వస్తుంది అనకు. నువ్వు ఎలా రాసినా నేను చదువుకుంటాను.

అసలు విషయం చెబుతాను. క్రేన్ ఎక్కేవాళ్ళందరికీ మొన్న కంపెనీ డాక్టరు పరీక్షలు చేశాడు. రోజంతా పెట్టెలు ఎత్తి దించే నన్నే ఒక పెట్టెలా తూచాడు. తూచి, "ఈ బరువుతో ఆ నిచ్చెన ఎక్కడానికి వీల్లేదు. నాలుగు నెలలు గడువిస్తున్నాను. తగ్గకపోతే కింద గోదాములో పని" అన్నాడు. గోదాములో పనంటే నాకేం నామోషీ లేదు. కానీ కుటుంబంతో ఉండే ఇళ్ళు క్రేన్ ఆపరేటర్లకే ఇస్తారు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తే నా వంతు దగ్గరికొచ్చింది. కిందికి దిగితే అదీ పోతుంది. నిన్నూ అమ్మనీ ఇక్కడికి తెచ్చుకోవాలన్న ఆశ దాంతోపాటే పోతుంది.

ఇక్కడ గదిలోనే పొయ్యి ఉంది, వండుకోగలను. ఏం వండుకుంటే తగ్గుతానో చెప్పు. అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకు. ఆవిడ జబ్బు ఆవిడకి చాలు.

నీ
పెద్ద పెట్టె

*

ఇంటి నుంచి,
వంటింటి గట్టు మీద.

మీకు,

ఏమని మొదలుపెట్టాలో తెలియక ఒక కాగితం చింపేశాను. ఇది రెండోది. ఇది కూడా చింపేస్తే మీ ఉత్తరానికి జవాబే ఉండదని భయమేసి రాస్తున్నాను.

అత్తయ్యకి ఇప్పుడు మేలు. కిడ్నీల ఆసుపత్రివాళ్ళు ఎలా చెప్పారో అలాగే వండి పెడుతున్నాను. కాళ్ళ వాపు తీసింది. ముఖం తేటపడింది. మొన్న ఆసుపత్రిలో తూకం వేస్తే చాలా తగ్గారు. నర్సు కూడా "భలే తగ్గారే" అంది. ఈ వయసులో అత్తయ్యే తగ్గితే మీరు తగ్గరా? అందుకని ఆ వంటే మీకు చెబుతున్నాను.

బంగాళాదుంప చెక్కు తీసి సన్నగా తరగండి. చాలాసేపు నీళ్ళలో నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళు ఎక్కువగా పోసి ఉడికించండి. ఆ నీళ్ళు కూడా పారబోయండి. ఆకుకూరలైనా, క్యారెట్ అయినా అంతే. పప్పులు, చిక్కుడు గింజలు వద్దు. అరటిపండు, నారింజ వద్దు. గుడ్డు, చేప పేరుకి కొంచెం. ఉప్పు చిటికెడు. ఎందుకిలా అని నేను అడగలేదు. అక్కడ తిండి గురించి చెప్పే మేడమ్ చాలా వేగంగా మాట్లాడుతుంది, నేను తల ఊపి వచ్చేశాను. కొవ్వంతా ఆ నీళ్ళలోకి దిగిపోతుందేమో అనుకుంటున్నాను.

ఫోనులో ఒకటి అడిగారు కదా, గుర్తొస్తున్నారా అని. వస్తున్నారు.

అత్తయ్య పిలుస్తున్నారు. ఉంటాను.

*

రేవు వసతి నుంచి.

ఊఁ గారూ,

నీ ఉత్తరంలో చివరి మాట నాలుగుసార్లు చదువుకున్నాను. వంట సంగతి ఒక్కసారి చదివాను, గోడకి అంటించాను.

నువ్వు చెప్పినట్టే దుంప తరుగుతున్నాను, నానబెడుతున్నాను, పారబోస్తున్నాను, ఉడికిస్తున్నాను, మళ్ళీ పారబోస్తున్నాను. ఇంతా చేశాక గిన్నెలో మిగిలేది దుంప కాదు, దుంప జ్ఞాపకం. నా గదిలో ఉండే వెల్డరు నీకు తెలుసుగా, మన పెళ్ళిలో మూడుసార్లు వడ్డించుకున్నాడే, అతనే. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది తిండా, దిండులో పెట్టే దూదా?" అన్నాడు. మెట్ల కింద పిల్లికి కొంచెం వేస్తే వాసన చూసి, నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయింది.

కానీ ఒకటి చెప్పనా? తగ్గుతున్నాను! బెల్టుకి కొత్త రంధ్రం కావాల్సి వచ్చింది. వెల్డరే మేకు కాల్చి పొడిచాడు. త్వరగా తగ్గుదామని నువ్వు చెప్పిన దాంట్లో కూడా సగమే తింటున్నాను. క్రేన్ క్యాబిన్లో ఎండకి చెమటలు కారిపోతున్నాయి, అది కూడా తగ్గడమే కదా. డాక్టరు గీసిన బరువు గీత కిందికి గడువుకి ముందే వచ్చేలా ఉన్నాను. నువ్వు గొప్ప వైద్యురాలివి. ఫీజు ఎంతో రాయి.

నీ
చిన్నదవుతున్న పెట్టె

*

ఇంటి నుంచి.

ఏమండీ,

ఫీజు ఏమీ వద్దు. వారానికొక ఉత్తరం చాలు.

మీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. అత్తయ్య చూసి, "ఏమిటే, ఉప్పు లేని కూర వండుతూ అంత నవ్వేమిటి?" అన్నారు. "ఏం లేదత్తయ్యా" అన్నాను. "ఏం లేకపోతే ఆ కాగితం జాకెట్లో ఎందుకు దాస్తున్నావు? నేనేం చదవనులే, కళ్ళజోడు కూడా దగ్గర లేదు" అన్నారు. నాకు సిగ్గేసి బియ్యం రెండుసార్లు కడిగేశాను.

నాకు ఈ మధ్య మాటలు పెరిగాయని అత్తయ్య అంటున్నారు. మీకు రాయాలని రోజూ ఏవో గుర్తుపెట్టుకుంటున్నాను. ఎదురింటి దర్జీ మిషను అమ్మేసి కొత్తది కొన్నాడు, దాని చప్పుడు పాతదాని కంటే ఎక్కువ. పక్కింటి పిన్ని నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "క్రేనోడి పెళ్ళామా" అంటోంది. కోపం రాలేదు నాకు.

ఒక్క మాట. మీ మొదటి ఉత్తరంలో అక్షరాలు నిలువుగా, గట్టిగా నొక్కి రాసినట్టు ఉన్నాయి. వెనక వైపు తడిమితే చేతికి తగిలాయి. ఈసారి అలా లేవు. వాలిపోయి ఉన్నాయి, చివరి వరసలు గీత దాటి కిందికి జారాయి. మీకు బాగానే ఉందా? సగం ఎందుకు తింటున్నారు? నేను సగం తినమని రాయలేదు కదా. నిజం రాయండి.

*

రేవు వసతి నుంచి.

నా బంగారానికి,

కలం మంచిది కాదు, అంతే. కొత్తది కొంటాను. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. పని ఎక్కువగా ఉంది కాబట్టి పెద్దగా రాయడం లేదు. నీ వంటే తింటున్నాను. దిగులు పడకు. ఎదురింటి దర్జీ మిషను గురించి ఇంకా రాయి. నీ ఉత్తరాలు వస్తే నాకు తిండితో పని లేదు.

నీవాడు

(ఈ కాగితం వెనక వైపు, వేరే చేతిరాత)

చెల్లెమ్మా, నేను వెల్డరుని. పోస్టులో వెయ్యమని మీ ఆయన కవరు నాకిచ్చాడు. అంటించకుండా ఇచ్చాడు కాబట్టి నా తప్పేం లేదు. అతను రాసిందంతా అబద్ధం, నేను చదివాను, అదొక్కటే నా తప్పు.

కలం బాగానే ఉంది. వేళ్ళే బాగా లేవు. పిడికిలి బిగియడం లేదు. మొన్న క్యాబిన్లో లీవరు మీద పట్టు జారింది, వేలాడుతున్న పెట్టె ఒక ఊపు ఊగి దబ్బున నేల మీద పడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. నిన్న నిచ్చెన సగం ఎక్కాక పిక్కలు పట్టేసి పైకీ పోలేక కిందికీ రాలేక అక్కడే వేలాడాడు. తాడు కట్టి దించాం. దిగాక వాడు అన్న మొదటి మాట, "మా ఆవిడకి రాయకు." అందుకే రాస్తున్నాను.

వాడు డాక్టరు దగ్గరికి వెళ్ళనంటున్నాడు, వెళితే క్రేన్ దింపేస్తారని. రేపు మళ్ళీ ఎక్కుతానంటున్నాడు. నువ్వు ఏం వంట రాశావో తల్లీ, నీకు దణ్ణం పెడతాను, అది వెనక్కి తీసుకో. వీడు నా మాట వినడు. నీ మాటైతే దూది కూడా తింటాడు.

*

ఇంటి నుంచి.

ఏమండీ,

వెల్డరు అన్నయ్య మీద కోప్పడకండి. ఆ మాట ముందు రాస్తున్నాను.

మీ కవరు పొద్దున వచ్చింది. ఈ రోజే అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజు. తిండి మేడమ్ గదిలో ఎప్పటిలాగే ఆవిడ రాసుకుంటూ, "అదే పథ్యం, మార్పేం లేదు, తరవాత ఎవరు?" అంది. నేను లేవలేదు.

"మేడమ్, ఒక మాట."

గొంతు నాకే వినపడలేదు. అత్తయ్య మోచేత్తో పొడిచారు. "గట్టిగా అడగవే, నా జబ్బు గురించేగా."

"అత్తయ్య గురించి కాదు. మా ఆయన గురించి."

మేడమ్ తలెత్తింది. "ఆయనకి కూడా కిడ్నీ జబ్బా?"

"కాదండీ. బరువు తగ్గాలని. పెద్ద నిచ్చెన ఎక్కి క్రేన్ నడుపుతారు. అత్తయ్యకి మీరు చెప్పిన వంటే ఆయనకి రాసి పంపాను."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఎన్నాళ్ళనుంచి తింటున్నాడు?"

"రెండు నెలలు దాటింది. ఇప్పుడు పిక్కలు పట్టేస్తున్నాయట. పిడికిలి బిగియడం లేదట." ఇక్కడ నాకు ఏడుపు వచ్చేసింది.

"ఏడుపు తరవాత. ముందు డాక్టరు. ఈ రోజే వెళ్ళమను. రక్తంలో పొటాషియం చూడమని అడగమను. సొంతంగా మాత్రలు కొనుక్కుని మింగొద్దని చెప్పు."

ఆసుపత్రి మెట్ల దగ్గరున్న ఫోను నుంచి మీ వసతికి చేశాను. అన్నయ్య ఎత్తారు. అంతా చెప్పాను, ఆయన మీకు చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో కూడా రాస్తున్నాను, ఎందుకంటే తప్పు నాది.

మేడమ్ నన్ను మళ్ళీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఆవిడ నిదానంగా కూడా మాట్లాడుతుంది, అడిగితే. అత్తయ్య కిడ్నీలు పొటాషియాన్ని బయటికి తొయ్యలేవట. అది రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పట. అందుకని దుంపల్లో, కూరల్లో ఉన్నదాన్ని ముందే నీళ్ళలోకి వదిలించి పారబోయిస్తున్నారు. ప్రోటీన్ కూడా అందుకే కొలిచి పెట్టమన్నారు. అత్తయ్య తగ్గింది కొవ్వు కాదట, వాపు నీళ్ళట. "మీ ఆయన కిడ్నీలు బాగున్నాయి. ఎండలో చెమటోడ్చే మనిషి. ఆయనకి కావాల్సిన సరుకంతా నువ్వు పారబోయిస్తున్నావమ్మా" అంది. "తక్కువ తినే మనిషి ప్రతి ముద్దలోనూ బలం ఉండేలా చూసుకోవాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. తూకంలో రెండూ ఒకటే, నిచ్చెన మీద కాదు" అంది.

కాబట్టి గోడ మీద అంటించింది చింపేయండి. డాక్టరు చూసి సరేనన్న తరవాత ఇలా తినండి. దుంప చెక్కుతోనే ఉడికించండి, కొంచెం నీళ్ళే పోయండి, ఆ నీళ్ళు పప్పులో కలుపుకోండి. పాలకూర అంతే. చిక్కుడు గింజలు, పప్పులు రోజూ ఉండాలి. గుడ్డు పచ్చసొనతో సహా. వెన్న తీసిన పెరుగు. చేప కాల్చుకోండి, నూనెలో వేయించొద్దు. ఆకలేస్తే అరటిపండు. తగ్గించాల్సింది అన్నం, నూనె, చక్కెర. టీలో మీరు వేసుకునే చక్కెర గురించి చెబితే మేడమ్ కళ్ళు పెద్దవి చేసింది. క్యాలరీలు ఉండేవి వాటిలోనట, తగ్గించాల్సింది అక్కడట. సగం తినడం వద్దు. ఇది అంతా తినండి.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తిడతారనుకున్నాను. కానీ ఆవిడ, "చిన్నప్పుడు ఎప్పుడూ నా కంచంలోంచే తినేవాడు వెధవ. తన కంచం నిండా ఉన్నా సరే. ఇంత వయసొచ్చినా నా పథ్యం కూడా వదల్లేదు చూశావా" అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తరవాత నా చెయ్యి పట్టుకున్నారు, దిగేదాకా వదల్లేదు.

ఏమండీ, బరువు తగ్గకపోతే తగ్గకపోనివ్వండి. ఇల్లు రాకపోతే రాకపోనివ్వండి. గోదాములో పని చేస్తే నాకు మీ మీద ఏమీ తగ్గదు. డాక్టరు ఎక్కమనే దాకా ఆ నిచ్చెన ముట్టుకున్నారో, నేనే వచ్చి కింద నిలబడతాను. అందరూ చూస్తుండగా. నాకు సిగ్గని మీకు తెలుసు. అయినా నిలబడతాను.

*

కంపెనీ ఆసుపత్రి,
గోడవైపు మంచం.

ఇన్నాళ్ళూ ఊఁ అన్నావిడకి,

వెల్డరు ఏమన్నాడో తెలుసా? "మీ ఆవిడ ఊఁ తప్ప ఏమీ అనదన్నావు. ఆ రోజు ఫోనులో నన్ను ఊఁ అననిస్తే కదా!" ఫోను పెట్టేసి తిన్నగా వచ్చి నన్ను చొక్కా పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

పొటాషియం బాగా పడిపోయిందట. గుండె కొట్టుకోవడం కూడా కాగితం మీద గీసి చూశారు. ఇక్కడే ఉంచుకుని మందిస్తున్నారు. డాక్టరు, "ఈ తిండి ఎవరు చెప్పారయ్యా?" అన్నాడు. నీ పేరు చెప్పలేదు. "మా అమ్మ పథ్యం నేను తిన్నాను" అన్నాను. ఆయన నవ్వబోయి, రక్తపరీక్ష కాగితం చూసి ఆగిపోయాడు. ఇంకొన్నాళ్ళు అలాగే నిచ్చెన ఎక్కి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదన్నాడు. ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఇకమీద ఏదీ దాచనని వెల్డరు నాతో నీ మీద ఒట్టు వేయించుకున్నాడు.

ఎందుకు దాచానంటావా? నా కాళ్ళు పట్టేస్తున్నాయని రాస్తే నీ వంట వల్లే అనుకుంటావు. అనుకుని భయపడి రాయడం మానేస్తావు. ఏడాది మౌనం తరవాత నువ్వు నాతో మాట్లాడుతున్నావు. దుంపలు పోతే పోయాయి, ఆ మాటలు ఆగకూడదనుకున్నాను. తెలివితక్కువతనమే. తప్పు నీదంటున్నావు. సగం తిన్నది నేను, నోరు మూసుకున్నది నేను. నీ వాటా కొంచెమే, అది కూడా నాకిచ్చెయ్యి.

ఇంకొకటి. ఈసారి ఖాళీ అయిన ఇల్లు నా వెనక ఉన్నవాడికి వెళ్ళింది. తూకం గడువు మాత్రం డాక్టరే పొడిగించమని రాసిచ్చాడు. ఒంట్లో పట్టు వచ్చేదాకా గోదాములోనే పని. నీకు బాధగా ఉందా?

*

ఇంటి నుంచి.

ఏమండీ,

ఉంది. ఇల్లు పోయినందుకు కాదు. మీరు మంచం మీద ఉంటే మంచినీళ్ళు అందించేది వెల్డరు అన్నయ్య అయినందుకు.

నేను రాయడం మానను. కాకపోతే ఇకమీద తెలియనిది తెలిసినట్టు రాయను. అడిగి రాస్తాను. మొన్న వెళ్ళినప్పుడు మేడమ్‌ని ఎన్ని అడిగానంటే, "మొదటి రోజే ఇలా అడిగి ఉంటే బాగుండేదమ్మా" అంది. అత్తయ్య, "ఇప్పుడు దీన్ని ఆపడం ఎలాగో కూడా చెప్పండి" అన్నారు.

ఈ రోజు ఏం తిన్నారో రాయండి. అన్నీ రాయండి. అబద్ధం రాస్తే వెనక వైపు అన్నయ్య రాస్తారని గుర్తుంచుకోండి.

*

రేవు వసతి నుంచి.

నా బంగారానికి,

పొద్దున రెండు గుడ్లు, అరటిపండు. మధ్యాహ్నం పిడికెడు అన్నం, దానికి రెండింతలు చిక్కుడు గింజలు, చెక్కుతో ఉడికించిన దుంప, పెరుగు. ఇప్పుడే కాల్చిన చేప, పాలకూర పప్పు. టీలో చక్కెర లేదు, ఆ టీ గురించి మాత్రం నన్నేమీ అడగకు. వెల్డరు కూడా ఇదే తింటున్నాడు. నా గిన్నెలోంచే తింటున్నాడు.

ఈసారి మెల్లగా తగ్గాను. గోదాములో రోజూ అటూ ఇటూ నడిచేసరికి కాళ్ళకి బలం వచ్చింది. ఈ రోజు మళ్ళీ తూచారు. డాక్టరు చెప్పిన గీత కిందికే వచ్చాను, కొంచెమే. ఆయన తూకం చూసి ఊరుకోలేదు. తన చెయ్యి నా చేతిలో పెట్టి, "పిండు" అన్నాడు. పిండాను. "చాలు, చాలు, ఈ చేత్తో నేను సంతకం పెట్టాలి" అన్నాడు.

పెట్టాడు! మధ్యాహ్నం క్రేన్ ఎక్కాను. పైనుంచి చూస్తే రేవు వెనక ఇళ్ళు కనిపిస్తాయి. వరసలో చివరి ఇంటివాళ్ళు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. అది మనదే, కాగితం చేతికొచ్చింది. ఇక్కడ కిడ్నీల ఆసుపత్రి బస్సు దిగితే నడిచే దూరం, అడిగి వచ్చాను. చూశావా, నేను కూడా అడగడం నేర్చుకున్నాను. ఏమేం కావాలో రాయి.

*

ఇంటి నుంచి.

ఏమండీ,

మీ ఉత్తరం అత్తయ్యకి నేనే చదివి వినిపించాను. కొన్ని మాటలు వదిలేసి చదివాను. "ఆగిన చోటల్లా నాకు తెలుసులేవే" అన్నారు.

మూటలు కట్టడం మొదలుపెట్టాం. అత్తయ్య తన గిన్నెలకి ఎర్ర దారం కట్టారు. "ఇది కట్టిన గిన్నె జోలికి వాడు రాకూడదు. దారం లేని గిన్నె నాకు పెట్టకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు, ఒకరికి మంచిదైంది ఇంకొకరికి పడదు, నీకు తిప్పలే" అన్నారు. తిప్పలేం కాదు. ఇద్దరూ ఎదురుగా కూర్చుని తింటుంటే ఎవరికి ఏం పడుతోందో ముఖాలే చెబుతాయి.

అక్షరాలు మళ్ళీ వెనక వైపు చేతికి తగులుతున్నాయి.

ఏం కావాలని అడిగారు. ఆ వంటింట్లో రెండు పొయ్యిలు పట్టేంత చోటుందేమో కొలిచి రాయండి. ఒకటే పడితే ముందు అత్తయ్యకి వండుతాను. అప్పటిదాకా మీరు ఆకలితో అక్కడే పీట వేసుకుని కూర్చుని నాతో మాట్లాడుతూ ఉండండి.